పది కిలోల పెద్దకూర

నవంబర్ 2020, శనివారం. జిండెల్ఫింగెన్, జర్మనీ.

మొత్తానికి మంచి మాంసం దొరికింది. పాపకి రక్తం తక్కువగా ఉందని డాక్టర్ చెప్పినప్పటి నుంచి వెతుకుతున్నాం. పక్క ఊళ్లో ఒక రైతు, తన గొడ్లను పచ్చికలోనే మేపి, మనలాంటివాళ్లు కొనగలిగే ధరకే అమ్ముతున్నాడు. కాకపోతే పది కిలోలకు తక్కువ ఇవ్వనన్నాడు.

నేనూ మా ఆయన డేనియలూ మాస్కులు పెట్టుకుని వెళ్లి తెచ్చాం. మా ఫ్రీజర్లో సగం కూడా పట్టలేదు. మిగిలిన పెట్టెతో మెట్ల దగ్గర నిలబడి ఆలోచిస్తుంటే కింది ఇంటి సరిత ఎదురొచ్చింది. వాళ్లింట్లో చికెన్ తప్ప ఇంకే మాంసమూ వండరు. మేం పెద్దకూర తింటామని రెండేళ్ల స్నేహంలో ఎప్పుడూ చెప్పలేదు. నేను నోరు తెరిచేలోపే పాప, "ఆంటీ, రిండ్‌ఫ్లైష్! పది కిలోలు!" అని పెద్దకూర సంగతి జర్మన్‌లో చెప్పేసింది. 

సరిత నా చేతిలోని పెట్టె వైపు చూసింది.

"మా ఫ్రీజర్లో కింది అర ఖాళీయే అక్కా. పెట్టుకోండి."

"నీకు ఇబ్బంది లేదా?"

"నేను తినను, అంతేగా. పాపకి కావాలి కదా." తర్వాత గొంతు తగ్గించి, "కాగితంలో బాగా చుట్టండి. మా ఆయన చూస్తే ఊరుకోరు," అంది.

ఆరు పొట్లాలు ఇచ్చి వచ్చాను. "అంతకంటే ఏం చేస్తుంది పాపం," అన్నాడు డేనియల్. నిజమే. పాప కూర రెండోసారి అడిగి పెట్టించుకుని తింది. నాకు సంతోషంగానే ఉంది.

కానీ ఆ పొట్లాల మీద చికెన్ అని రాసింది నేనే. సరిత రాయమనలేదు.