సరస్సు పైన ఎర్ర జెండా

అక్కా,

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మా ఇంట్లో ఒక వింత జరుగుతోంది. మీ మరిది గోల్ఫ్ ఆడటానికి వెళ్దామంటున్నారు. నవ్వకు. లిఫ్టులు బాగుచేసే మనిషికి గోల్ఫ్ ఏమిటని నేనూ అడిగాను. ఏదో హోటల్లో లిఫ్టు ఆగిపోతే బాగుచేయడానికి వెళ్లి, అక్కడ గోడమీద ఫొటో చూశారట. కొండ అంచున పచ్చిక, కింద సరస్సు, మధ్యలో చిన్న ఎర్ర జెండా. "ఆ జెండా దగ్గర మనిద్దరం ఒక్కసారి నిలబడాలి" అన్నారు. అప్పట్నుంచీ ఆయనకు వేరే లోకం లేదు. ఫోన్ చేసి, కొత్తవాళ్లను ఎప్పుడు రానిస్తారో కనుక్కున్నారు. కాలరున్న చొక్కా ఉండాలంటే కొత్తది కొన్నారు. చీపురు తిరగేసి పట్టుకుని హాల్లో బంతిని గ్లాసులోకి కొడుతున్నారు. అది గ్లాసును తప్ప అన్నిటినీ తాకుతుంది.

అసలు మాట ఎలా చెప్పాలో తెలియడం లేదు. నేను ఆయన్ని వదిలి వెళ్లిపోతున్నాను. కొట్టరు, తాగరు, పరాయి ఆడవాళ్ల వంక చూడరు. అందుకే ఇన్నాళ్లూ నీక్కూడా చెప్పుకోలేకపోయాను. కడుపులో బిడ్డ పోయినప్పటి నుంచీ ఈ ఇంట్లో మాటే లేదు. గ్యాస్ అయిపోయింది, తలుపు వేశావా, అంతే. నేను ఏడిస్తే లేచి వెళ్లి కారని కుళాయిని బిగించి వచ్చేవారు. గోడకు చెప్పుకుంటే పెచ్చయినా రాలుతుంది కదే అక్కా. వేరే ఊళ్లో మందుల దుకాణంలో పని దొరికింది. ఒక గది కూడా చూసుకున్నాను. గోల్ఫ్ మైదానం చూసి వచ్చాక చెబుతాను. అంత సంబరపడుతున్న మనిషికి ముందే ఏ నోటితో చెప్పను?

నీ పిచ్చుక

అక్కా,

వెళ్లొచ్చాం. ఫొటో అబద్ధం చెప్పలేదు. అంత పచ్చదనం నేనెక్కడా చూడలేదు. కర్రలు అక్కడే ఇచ్చారు. నేర్పే అమ్మాయి ఎలా పట్టుకోవాలో చూపించింది. ఈయన ఒళ్లంతా బిగించి కొట్టారు. మట్టిపెళ్ల లేచి ఎగిరింది, బంతి ఉన్నచోటే ఉంది. "బంతి తప్ప అన్నీ కదిలాయండీ" అందా అమ్మాయి. నేను పకపకా నవ్వాను. ఆయనా నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో.

ఆ నవ్వు చూశాక ఇంక దాచలేక, జెండా దగ్గర "మీకో మాట చెప్పాలి" అన్నాను.

"మందుల దుకాణం సంగతేనా?" అన్నారు.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"నువ్వు స్నానం చేస్తుంటే వాళ్లు ఫోన్ చేశారు. చేరతారా లేదా అని అడిగారు. చేరుతుందని చెప్పాను."

"ఎప్పుడు?"

"ఆ ఫొటో చూడకముందే."

"మరి ఇదంతా ఎందుకండీ?"

"వెళ్లొద్దని అడగడం నాకు చేతకాదు. ఇంట్లో ఎన్నిసార్లు అనుకున్నా గొంతు దాటలేదు. ఇలాంటి చోటికొస్తే నోరు పెగులుతుందేమోనని…"

"వచ్చాం కదా. అడగండి."

ఆయన సరస్సు వైపు చూస్తూ నిలబడ్డారు. పెదవులు కదిలాయి. నిజం చెబుతున్నాను అక్కా, ఆ ఒక్క మాట అని ఉంటే ఆగిపోయేదాన్ని. చివరికి నా వైపు తిరిగి, "గాలి ఎక్కువగా ఉంది. చెవులకేదైనా కట్టుకో" అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం.

రేపు బయల్దేరుతున్నాను. నా పెట్టె ఆయనే సర్దుతున్నారు. బట్టలు నలగకుండా మడతపెట్టడం ఆయనకు బాగా తెలుసు. ఇప్పుడే పక్క గదిలోంచి అడిగారు, స్వెట్టరు అడుగున పెట్టనా, పైన పెట్టనా అని. పైనే పెట్టండి అన్నాను.

నీ పిచ్చుక