కృతిక దమ్ము పంచాయితీ

మెదక్.
కృతిక తాతగారు ఐలయ్య గారికి నమస్కారాలు. మీ మనవరాలికి దమ్ము ఉంది. అందుచేత జిల్లా ఎనిమిది వందల మీటర్ల పరుగు పోటీ నుంచి పేరు తీసేశాను.
ఇట్లు,
ఇమ్మాన్యుయేల్, కోచ్.

పాపన్నపేట.
కోచ్ సారుకు ఐలయ్య దండం పెట్టి రాసేది. ఎదురుపడితే నాకు మాట రాదు, అందుకే కాగితం. దమ్మున్న పిల్లను తీసేసుడేంది సారూ? దమ్ము లేనోళ్లనే ఉరికిస్తరా? రెండు రోజులాయె, పిల్ల అన్నం ముట్టలే.
ఉంట,
ఐలయ్య.
తా.క.: మీకు దమ్ముంటే జవాబు రాయుండ్రి.

మెదక్.
అయ్యా,
నేనన్నది ఆ దమ్ము కాదు, ఆయాసం జబ్బు! రెండో రౌండులో ఈల వేసినట్టు ఊపిరి తీస్తోంది. "గట్టిగా పీల్చు!" అని నేను గొంతు చించుకున్నా ఆగిపోతోంది. ఆయాసానికి పీల్చే మందు పంపు వాడినా గుణం లేదు. పిల్ల ప్రాణానికి పూచీ ఎవరు? పెద్ద డాక్టరు కాగితం తెండి, పేరు మళ్లీ రాస్తాను.
కోపంతో,
ఇమ్మాన్యుయేల్.
తా.క.: దమ్ముంది. జవాబు రాశాను.

పాపన్నపేట.
సారూ,
ఉరికే పిల్ల గదా, ధైర్యమనుకున్న. ఆ దమ్ము నాకు చెప్తరా? మా ఇంటామె ఆగమ్మకు ఇరవై ఏండ్ల సంది ఉంది. ఆమెకు గాలి ఇడిసేటప్పుడు కూత. పిల్లకు పీల్చేటప్పుడు కూత, ఆగితే రెండు నిమిషాల్లో మాయం. రెండూ ఒక్కటెట్లయితయి? పిల్లను తీస్కపోయి ఈ మాటే కాగితం మీద రాసిస్తే హైదరాబాద్‌ల పెద్ద డాక్టర్ చంద్రికమ్మ, "పెద్దాయనా, మంచిగ చూసిండ్రు" అన్నది. పిల్ల ముక్కుల నుంచి గొంతుకాడికి సన్న కెమెరా పెట్టి, మిషను మీద ఉరికించింది. మస్తు ఉరికింది. కూతే రాలే!
"ఇక్కడ లేంది మీ గ్రౌండ్ల ఏముంటదమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.
"మా సారు ఒర్రుడు" అన్నది పిల్ల.
గురువారం మీరు దవాఖానకొచ్చి గొంతు చించుకొని ఒర్రాలె. డాక్టరమ్మ ఆర్డరు.
ఉంట,
ఐలయ్య.
తా.క.: బస్సుల సీటు ఆపుత. గొంతు మీరే తెచ్చుకోండ్రి.

మెదక్.
ఐలయ్య గారికి,
నిన్న బస్సులో పక్కపక్కనే కూర్చుని ఒక్క మాటైనా అనుకోలేదు కనుక రాస్తున్నాను. నేను అరవగానే పిల్ల గొంతులో గాలి దారి బిగుసుకుపోవడం టీవీలో నా కళ్లతో చూశాను. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. డాక్టరమ్మ నేర్పిన ఊపిరి కసరత్తు రోజూ చేయించండి. పోటీలో పేరు మళ్లీ రాశాను. కానీ నాకు ఒళ్లు మండిపోతోంది.
ఇట్లు,
ఇమ్మాన్యుయేల్.
తా.క.: డాక్టరమ్మ నా చేతికిచ్చిన మందుల చీటీ ఇంటికొచ్చి విప్పి చూశాను. రోగి పేరు దగ్గర ఉన్నది నా పేరు! "గ్రౌండ్‌లో ఉన్నంతసేపూ నోరు మూసుకొని ఉండవలెను. పోటీ రోజున రెట్టింపు మోతాదు."