తిరిగి బైండింగుకు పంపవలసిన పుస్తకం

కోర్టు గ్రంథాలయాధికారి గారి సముఖమునకు,
కోర్టు ఎదుటి వీధిలో లాండ్రీ నడుపుకొనుచున్న స్త్రీ వ్రాసుకొను అర్జీ.

విషయం: తీర్పుల సంపుటమును అలమరలో పెట్టక, తిరిగి బైండింగుకు పంపుట గురించి.

అయ్యా,

సదరు పుస్తకమును త్వరగా తెప్పించవలెనని తమకు అర్జీ మీద అర్జీ పెట్టిన మనిషిని నేనే. తీరా వచ్చాక వెనక్కి పంపమంటున్నాను. మతి చలించిందని తమరు అనుకోవచ్చు. చలించలేదు. దయచేసి చివరిదాకా చదవండి.

1. నా తమ్ముడు లిఫ్టు మెకానిక్. ఒక ఆఫీసు పై అంతస్తులో లిఫ్టు బాగుచేస్తుండగా పోలీసులు వచ్చి, చేతులకున్న గ్రీజు కూడా కడుక్కోనివ్వకుండా తీసుకుపోయారు. ఎందుకో వాడికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. అడిగితే "పైనుంచి ఆర్డరు" అన్నారు. పైనుంచి వచ్చేది లిఫ్టు ఒక్కటేనని నమ్మి బతికినవాడు మావాడు.

2. మా వకీలు ఒక పాత తీర్పు వెతికి పట్టుకున్నాడు. అరెస్టయిన మనిషికి కారణం "వెంటనే" తెలియజేయాలని రాజ్యాంగంలో ఉన్నదనీ, వెంటనే అంటే ఆ పూటేననీ, చెప్పకపోతే వదిలేయవలసిందేననీ అందులో ఉందట. నాకది సులువుగానే అర్థమైంది. చొక్కా వెంటనే కావాలన్నవారికి వారు నిలబడి ఉండగానే ఇస్త్రీ చేసి ఇస్తాను. జడ్జిగారు మాత్రం పుస్తకం తెచ్చి చూపించమన్నారు. బయటికొచ్చాక వకీలు, "దిగులుపడకు అక్కా, ఆ తీర్పు ఈ కోర్టుకి బైండింగ్" అన్నాడు.

3. బైండింగ్ అంటే కోర్టు దానికి కట్టుబడి తీరాలని అర్థమట. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నేనెరిగిన బైండింగ్ పుస్తకాలకు అట్టలు వేసేది. పుస్తకం అక్కడుంది కాబోలు, రాగానే మావాడు ఇంటికొచ్చేస్తాడు అనుకుని, జైలుకు వెళ్లి వాడికీ అదే చెప్పాను. అప్పటిదాకా తిండి ముట్టనివాడు ఆ పూట తిన్నాడు. తరువాత తమ గ్రంథాలయంలో వాకబు చేస్తే, ఉన్నది ఒక్కటే ప్రతి అనీ, అది నిజంగానే బైండింగుకు వెళ్లిందనీ తెలిసింది. వకీలు మాటా తప్పు కాలేదు, నా మాటా తప్పు కాలేదు. మావాడు మాత్రం లోపలే ఉన్నాడు.

4. బైండరు దగ్గరకు పోతే "లైబ్రరీ ఆఫీసు కాగితం వస్తే కుడతానమ్మా" అన్నాడు. తమ ఆఫీసుకు వస్తే "బైండరు రాసిస్తే కాగితం ఇస్తాం" అన్నారు. కాళ్లరిగేలా తిరిగాను. జడ్జిగారు "పుస్తకం రానివ్వండి" అని వాయిదా వేస్తూ పోయారు.

5. మొన్న పుస్తకం వచ్చింది. ఎర్రటి అట్ట, బంగారు అక్షరాలు, పెళ్లికూతురిలా ఉంది. వకీలు తెరిచాడు. ఆ తీర్పు నెత్తిన ఒక చీటీ అతికించి ఉంది: "ఈ తీర్పు ఇక చెల్లదు." పుస్తకం అట్ట కోసం పడి ఉండగానే పెద్ద ధర్మాసనం కూర్చుని, రాజ్యాంగంలో "వెంటనే" అంటే "వీలు చూసుకుని" అని అర్థం చెప్పిందట. "ఇప్పుడెలా బాబూ?" అన్నాను. "చూద్దాం అక్కా" అన్నాడు. చూద్దామన్న మనిషి నా మొహం చూడలేదు.

6. తమ్ముడికి ఇంకా చెప్పలేదు. వాయిదాకు తెచ్చినప్పుడల్లా వాణ్ణి తమ కిటికీ ఎదుట వరండాలో నిలబెడతారు. అక్కణ్ణించి ఆ ఎర్ర పుస్తకాల వరుస, మధ్యలో పన్ను ఊడినట్టున్న ఖాళీ కనిపిస్తాయి. వాడు ముందు ఆ ఖాళీని చూస్తాడు, ఆ తరువాతే నన్ను.

"ఇంకా రాలేదు కదూ అక్కా?" అన్నాడు పోయినసారి.

"రాలేదురా."

"రానీలే. కుట్టు బాగా పడాలి కదా, తొందరపెడితే ఊడిపోతుంది" అని నాకే ధైర్యం చెప్పాడు.

అయ్యా, వచ్చే వాయిదాకి ఆ ఖాళీ నిండి ఉంటే వాడికి ఏమని చెప్పను? పుస్తకం వచ్చింది, నువ్వు మాత్రం రావు అని చెప్పే నోరు నాకు లేదు. వాడు మళ్లీ తిండి మానేస్తాడు. నాకు భయంగా ఉంది.

కావున తమరు దయతలచి, సదరు సంపుటమునకు అట్ట వదులైనదనో, కుట్టు సరిగా పడలేదనో వ్రాసి, తిరిగి బైండింగుకు పంపవలసినదిగా ప్రార్థన. తీర్పు మార్చమనడం లేదు. చీటీ పీకమనడం లేదు. ఆ ఖాళీని ఖాళీగా ఉంచమంటున్నాను, అంతే. వీలు చూసుకుని కాదు, వెంటనే.

ఇంతకుమించి అడగడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లాండ్రీ అక్క

మరొక మాట: బైండరును కలిసే వచ్చాను. విప్పి మళ్లీ అతికించాలంటే జిగురు లేదంటున్నాడు. మా లాండ్రీలో గంజికి కొదవ లేదు, ఎంత కావాలంటే అంత నేనే కాచి తెస్తాను. తొందరేం లేదు, మెల్లగా అతికించమనండి.