అంతలో ఎవరైనా రావాలి

నర్సీపట్నం

గౌరవనీయులైన మన్మథరావు మాస్టారికి,

మీ పోస్టు ఇంగ్లీషు కోర్సులో చేరిన కరుణకుమారి ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. పన్నెండో పాఠం తప్ప మేమంతా క్షేమం.

పాస్ట్ పెర్ఫెక్ట్ కంటిన్యుయస్ దగ్గర నా బండి ఆగిపోయింది. ఒక పని చాలాసేపటి నుంచి జరుగుతూ ఉండాలి, అంతలో ఇంకొకటి వచ్చి పడాలి అన్నారు. అలాంటి సొంత వాక్యాలు మూడు పంపితేనే సర్టిఫికెట్ అన్నారు. సరేనని మొన్న పొద్దున్నే మా బట్టీలో జీడిపిక్కలు వేయించడం మొదలుపెట్టాను. ఎవరైనా వస్తారని గుమ్మం వైపే చూశాను. రోజూ కబుర్లకి దిగే మా తోడికోడలు రాచెల్ కూడా రాలేదు. పిక్కలు మాడిపోయాయి. వాక్యం మాత్రం కాలేదు.

నాకీ ఇంగ్లీషు సరదాకి కాదు మాస్టారూ. నెలాఖరుకి కొల్లం నుంచి షావుకారు కురియన్ గారు సరుకు చూడ్డానికి వస్తారు. ఆయనకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు, మధ్యలో దళారి తాతాజీ. నేను పావుగంట మాట్లాడితే ఆయనకి రెండు ముక్కలు చెబుతాడు. ఆయన రెండు ముక్కలంటే నాకు పావుగంట చెప్పి, చివరికి "సరుకు బాగోలేదంతన్నారమ్మా" అని తేలుస్తాడు. ఇన్నేళ్ళుగా ఆ మాట పడుతున్నాను. ఈసారి నా నోటితో నేనే మాట్లాడాలి.

ఇట్లు,
కరుణకుమారి

తా.క.: రాచెల్ మధ్యాహ్నం వచ్చింది. అప్పటికి నేను ఏ పనీ చేస్తూ లేను.

*

యలమంచిలి

శ్రీమతి కరుణకుమారి గారికి నమస్కారాలు.

వ్యాకరణం కోసం పిక్కలు మాడ్చుకున్న విద్యార్థిని ఇన్నేళ్ళలో చూడలేదు. ఊహించి రాయండమ్మా! "గంట నుంచి వంట చేస్తూ ఉన్నాను, అంతలో మామయ్య వచ్చాడు" అంటే చాలు. మామయ్య వచ్చాడో లేదో చూడ్డానికి నేను రాను.

శుభాకాంక్షలతో,
మన్మథరావు

తా.క.: రెండో పని హఠాత్తుగా జరిగితే వాక్యం మరీ బాగుంటుంది.

*

నర్సీపట్నం

మాస్టారికి వందనాలు.

మా మామయ్య చనిపోయి చాలాకాలమైంది. పోయిన మనిషి వంటింట్లోకి వచ్చాడని ఎలా రాయను? మేం ఆదివారం ఆదివారం గుడికి వెళ్ళే మనుషులం, అబద్ధం రాయలేను. పాస్టరు గారిని అడిగితే, "బైబిల్లో వ్యాకరణం ఊసు లేదమ్మా, నీ మనస్సాక్షినే అడుగు" అన్నారు. అది ఒప్పుకోలేదు.

అందుకని మా ఆయన ప్రభుకుమార్‌ని బతిమాలాను. "నన్నేటి సెయ్యమంటావో బేగి సెప్పు, అవతల నాకు పనుంది" అని విసుక్కున్నారు. పప్పు ఒలుస్తూ ఉంటాను, తలుపు వెనక నుంచి హఠాత్తుగా రండి అన్నాను. మీరు హఠాత్తు అన్నారని ఆయన పెద్ద కేక కూడా పెట్టారు. నా పక్కనే ఒలుస్తున్న నూకరత్నం పళ్ళెం గాల్లోకి విసిరేసి, "అమ్మో, ఈ ఇంట్లో ఏదో ఉంది!" అని వాళ్ళమ్మ గారింటికి పోయింది.

నాకొక సందేహం. చెప్పి రప్పించింది హఠాత్తు అవుతుందా?

ఇట్లు అయోమయంలో,
కరుణకుమారి

తా.క.: నూకరత్నం ఇంకా రాలేదు. పనికి మనిషి దొరికే మార్గం ఏ పాఠంలో ఉంది?

*

యలమంచిలి

అమ్మా కరుణకుమారీ,

దయచేసి తలుపుల వెనక ఎవరినీ దాచవద్దు. మీరు వాక్యం వెంట పడకండి. మీ పని మీరు చేసుకోండి, వచ్చేది అదే వస్తుంది.

మీరొక్కరే కాదు, నా దగ్గర పోస్టులోనే తెలుగు నేర్చుకుంటున్న దూరప్రాంతం పెద్దమనిషి ఒకాయన కూడా ఇదే కాలం దగ్గర నన్ను పీక్కు తింటున్నాడు. గ్రాంథికం తప్ప ముట్టుకోడు.

మన్మథరావు

తా.క.: నాకు కొద్దిగా తలనొప్పిగా ఉంది. అది మీ వల్లనని కాదు.

*

నర్సీపట్నం

మాస్టారికి వందనాలు, వందనాలు, వందనాలు.

నిన్న తెల్లవారినప్పటి నుంచి పిక్కలు వేయిస్తూ ఉన్నాను. పాఠం సంగతి మరిచేపోయాను. కురియన్ గారు చెప్పిన రోజుకి ముందే లోపలికొచ్చారు, వెనకే తాతాజీ. నా నోరు దానంతట అదే తెరుచుకుంది: "ఐ హేడ్ బీన్ రోస్టింగ్ సిన్స్ మార్నింగ్ వెన్ యు కేమ్!"

కురియన్ గారు నిలబడిపోయారు. తాతాజీ అలవాటు కొద్దీ నా వైపు తిరిగి, "సరుకు బాగోలేదంతన్నారమ్మా" అన్నాడు. ఆయన ఇంకా నోరే విప్పలేదు మాస్టారూ!

అప్పుడు కురియన్ గారు నాకు దణ్ణం పెట్టి, తెలుగులో అన్నారు: "అమ్మగారూ, మీ సరుకు మిక్కిలి బాగున్నదని నేను ఇన్నేళ్ళుగా చెప్పుచూ ఉంటిని. అంతలో ఈయన వేరుగా చెప్పుచున్నాడని నేడు తెలిసినది."

నాకు ఏడుపొచ్చేసింది. ఇంత తెలుగు ఎక్కడ నేర్చారండీ అని అడిగాను. "యలమంచిలి మన్మథరావు మాస్టారు, పోస్టులో. మీతో స్వయముగా మాట్లాడవలెనని" అన్నారు. నేను ఆయనతో మాట్లాడే దారి వెతుక్కుంటుంటే ఆయన అటునుంచి అదే దారిలో వస్తున్నారన్నమాట! మీకు మా ఇద్దరి ఉత్తరాలూ వస్తూ ఉన్నా ఒక్క ముక్క తట్టలేదా?

ఇట్లు మీ శిష్యురాలు,
కరుణకుమారి

తా.క.: రెండో వాక్యం మా ఆయన కేక. అది నిజంగానే జరిగింది కాబట్టి మార్కులు వెయ్యాలి. మూడోది నిన్ననే దొరికింది: తాతాజీ ఏళ్ళ తరబడి మాట్లాడుతూ ఉన్నాడు, అంతలో మేమిద్దరం మాట్లాడుకున్నాం. సర్టిఫికెట్ పంపగలరు.