నేలబారు బంతి

బాపట్ల,
5 ఆగస్టు 1968

ప్రియమైన సరోజకి,

మెస్సులో చారు తప్ప ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి. కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మాత్రం నిరుడు ఒక్క మ్యాచూ గెలవలేదట. "కొత్త కోచ్ వచ్చారుగా! ఈ ఏడాది కప్పు రాకపోతే జట్టు తీసేసి గ్రౌండులో వేరుశనగ వేయిస్తా" అన్నారు ప్రిన్సిపాల్ గారు, నవ్వుతూనే. అన్నంత పనీ చేసే మనిషి. నేనూ తక్కువ తినలేదు. పొద్దున్న ఐదున్నరకి గ్రౌండులో లేనివాడు జట్టులో లేనట్టేనని చెప్పేశాను.

మొదట దొరికింది మీ తమ్ముడు పున్నారావే. మూడు రోజులు తెనాలి రైలు దిగి ఏడింటికి తీరిగ్గా వచ్చాడు. హాస్టల్లో ఉండరా అంటే, "ఆ కూడు నాకు పడదు. అయినా ఏంటి బావా, మనవాళ్ళకి కూడా రూలేనా?" అన్నాడు అందరి ముందూ. తీసేశాను. గోల్‌కీపర్‌గా వాడూ పెద్ద గోడేం కాదులే. నేలబారు బంతులన్నీ వాడి కాళ్ళ సందులోంచే పోతాయి. అత్తయ్యగారికి నువ్వే నచ్చజెప్పు.

నీ
జనార్దనరావు

తెనాలి,
12 ఆగస్టు

ప్రియమైన శ్రీవారికి,

నచ్చజెప్పడమా! మీ పేరెత్తితే వంటింట్లో గిన్నెలు మోగుతున్నాయి. "పిల్లనిచ్చినందుకు మంచి మర్యాదే చేశాడు" అంటోంది అమ్మ. తమ్ముడు రెండు రోజులు అన్నం మానేసి, మూడోరోజు అంతా కలిపి తిన్నాడు. మీ మీద నాకూ కోపంగానే ఉంది. అందరి ముందూ తీసెయ్యాలా? కానీ వాడి కోసం రూలు మార్చుంటే ఇంకా కోపం వచ్చేది. పట్టు వదలకండి.

గడప తగిలి కాలి బొటనవేలు వాచింది. కుంటుకుంటూ బడికెళ్ళి పాఠాలు చెప్పొస్తున్నాను.

మీ
సరోజ

బాపట్ల,
8 నవంబరు

ప్రియమైన సరోజకి,

రేపల్లెలో సెమీఫైనల్ గెలిచాం! గోల్‌లో పోతురాజు మా పరువు నిలబెట్టాడు. నిజాంపట్నం కుర్రాడు, చిన్నప్పట్నించీ వల లాగిన చేతులు. కానీ ఆఖర్లో వేలు విరగ్గొట్టుకున్నాడు. ఫైనల్ పదిహేడున, మీ తెనాలిలోనే.

పున్నారావుని పిలవమని కుర్రాళ్ళంతా నా ప్రాణం తీస్తున్నారు. పిలవను. సోమవారం నుంచి ఆరు రోజులూ ఐదున్నరకి వచ్చినవాడే ఆడతాడు. ఎవడూ రాకపోతే మధ్యలో ఆడే హాఫ్‌బ్యాక్‌నే గోల్‌లో నిలబెడతాను. ఓడితే ఓడతాం, వేరుశనగ వేస్తే వేస్తారు.

మూడు నెలలైనా నీ కాలి వేలి వాపు తగ్గలేదా? ఆ పాడు గడప తీయించి పారేద్దాం.

నీ
జనార్దనరావు

తెనాలి,
19 నవంబరు

ప్రియమైన కోచ్ గారికి,

కప్పు చూశాక ప్రిన్సిపాల్ గారు వేరుశనగ మాట మరిచిపోయే ఉంటారు. ఆఖరి నిమిషంలో మూలకి దూసుకొచ్చిన ఆ నేలబారు బంతి మీద తమ్ముడు పడగానే, అమ్మ పక్కనున్నావిడ చెయ్యి రక్కేసింది. ఇప్పుడు "మా అల్లుడు" అని వీధంతా చెప్పుకుంటోంది.

సోమవారం ఐదుంబావుకే వచ్చి "గుడ్ మార్నింగ్ సార్" అన్నాడనీ, ఆరు రోజుల్లో ఒక్కసారీ బావా అనలేదనీ మీరు ఆశ్చర్యపోయారు. వాణ్ణి నేను పంపలేదండి. మీ ఉత్తరం బల్ల మీద వదిలేశాను, అంతే. హాస్టల్‌కి పరుపు చుట్టి ఇచ్చింది అమ్మ.

నేలబారు బంతులు ఎవరు నేర్పార్రా అని మీరడిగితే వాడు తల దించుకున్నాడట. చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. వాడి కాళ్ళ సందు గురించి మీరు రాసిన మాట నాకు గుచ్చుకుంది. జట్టులో ఉన్నా లేకపోయినా ఆ సందు మూయించాలనుకున్నాను. ఆగస్టు నుంచి రోజూ సాయంత్రం, పిల్లలు వెళ్ళిపోయాక, మా బడి ఆటస్థలంలో కొంగు బిగించి వాడి మీదకి బంతి తన్నింది నేనే. పెళ్ళైన కొత్తలో పెరట్లో మీరు నేర్పిన తన్నే. నేనెంత తన్నినా బంతి మోకాలు దాటి లేవదు. అందుకే వాడికి మూడు నెలలూ నేలబారు బంతులే దొరికాయి.

గడప తీయించకండి. పాపం, దానికేం తెలియదు.

మీ
సరోజ