ఉమ్మడి గుమ్మం

కార్తీక శుద్ధ పాడ్యమి, బుధవారం

సూరి మళ్లీ అదే పాట. ఫోన్ ఎత్తగానే — "అన్నియ్యా, ఇంక ఏరుపడిపోదాం. నీ ఫైర్‌వాల్ నీది, నాది నాది."

తోడల్లుడై ఉండి ఎంత మాట! మేం చెరొకటి చూసుకునే ఈ రెండు కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఒకే మూలంలోంచి వచ్చినవి. దాపరికం లేనివి, ఎవరైనా తీసుకుని దిద్దుకోవచ్చు. నాది పాత మర్యాద వదలదు. వాడిది ఏడాదికో వేషం కడుతుంది. అయినా బయటివాణ్ణి గుమ్మంలో నిలేసే ఆ ఒక్క భాగం, ఫైర్‌వాల్, మాత్రం ఇన్నేళ్లూ ఉమ్మడి. బొబ్బిలిలో నేను, కళింగపట్నంలో వాడు — కాపలా.

ఫోన్ పెట్టేశాను.

విదియ, గురువారం

షాపులో మోటారు చుట్టడం అయ్యాక ఫైర్‌వాల్ ఫైలు తెరిచాను. వాడి మాట అబద్ధం కాదు. ఎక్కడ చూసినా — నా సిస్టమ్ అయితే ఇలా, సూరి సిస్టమ్ అయితే అలా. అసలు పని తక్కువ, 'అయితే'లు ఎక్కువ. ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని ఆపాలి అనే నియమాలు రాసే పద్ధతే సూరి వాళ్లు మార్చేశారు. నా సిస్టమ్ వాడేవాళ్లకు పాత రాతే కావాలి... మారిస్తే ఎక్కడెక్కడి సర్వర్లన్నీ మూగబోతాయి.

అయినా ఒప్పుకోను. ఒప్పుకోనంతే.

చవితి, శనివారం

పొద్దున పుట్టలో పాలు. సాయంత్రం రామమందిరంలో పురాణం. వైకుంఠ ద్వారపాలకుల కథ ఎత్తుకున్నాను. "శాపం తగిలినా విడిపోయారా? మూడు జన్మలూ కలిసే ఎత్తారయ్యా!" మైకు కూత పెట్టింది.

దారిలో లక్ష్మి — "ఆ తిట్లన్నీ మా మరిదికేనా? ఆ ముసిలోళ్లకేటి తెలుస్తాది, పాపం, బుర్రలూపుతన్నారు."

పంచమి, ఆదివారం

సూరి ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. వాడి దగ్గర నుంచి మెయిల్ వచ్చి ఉంది. తెరవను. పులుసు సయించలేదు.

సప్తమి, మంగళవారం

తెరిచాను. ఎంత పని చేశాను!

నెట్‌లోంచి ముక్కలుగా వచ్చే డేటా పాకెట్లను అతికే చోట కన్నం ఉందట. దొంగ సరుకు దూరిపోతోంది. రెండిళ్లకూ అదే కన్నం. సూరి కనిపెట్టి, దిద్ది, శనివారమే పంపాడు — నేను మైకులో వాణ్ణి ఉతుకుతున్న వేళకి. ఉమ్మడి ఫైలు కనుక నేను సరేననందే వాడి సిస్టమ్‌లోకీ పోదు. మేం పెట్టుకున్న కట్టుబాటే.

సరే కొట్టి, ఫోన్ చేశాను.

"ఏటన్నియ్యా, నీ పురాణం అయ్యీదాకా నా గుమ్మానికి కన్నం ఉండాలేటి?"

తిట్టలేదు. నవ్వాడు. అదే గుచ్చుకుంది.

అష్టమి, బుధవారం

పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ద్వారపాలకులకు శాపం దేనికి తగిలింది? లోపలికి పోవలసిన మునులను ఆపినందుకు. ఆ సగం శనివారం చెప్పనే లేదు.

దశమి, శుక్రవారం

బస్సెక్కి కళింగపట్నం. సూరి ఐసు షెడ్డులో, ల్యాప్‌టాప్ చేపల బుట్ట మీద.

"రా సామీ, రా! ఈ కంపుకి మైలపడిపోవు గదా?"

"నువ్వు రాసే కోడు కంపు కంటే నయమేరా."

ఏరుపడదామని నేనే అన్నాను. ల్యాప్‌టాప్‌తో సహా బుట్టను నా వైపు జరిపాడు. తర్వాత ఇద్దరం పక్కపక్కనే కూర్చుని 'అయితే'లన్నీ పీకేశాం. ఎవరి ఫైలు వాళ్లకి. నాది చూసి — "సన్నబడిపోనాది సూడు, పెళ్లినాటి నీలాగ!"

కార్తీకం కదా, మరదలు నాకు వేరే గిన్నెలో పప్పు వండింది. వాడికి చేపల కూర. ఒకే అరుగు మీద తిన్నాం.

ద్వాదశి, ఆదివారం

తులసికోట దగ్గర దీపాలు. ఫైలు చకచకా నడుస్తోంది. అడగవలసినవాడు లేడు. ఫోన్ మోగలేదు. మంచిదే... మంచిదేనా?

పౌర్ణమి, బుధవారం

సూరి నుంచి దిద్దుబాటు. పని తీరిన పాత కనెక్షన్లను ఫైర్‌వాల్ మరిచిపోయే చోట పొరపాటు దొరికిందట, నా ఇంట్లోనూ ఉంటుందని వెతికాడట. ఉంది.

తెరిచి చూస్తే — పాత రాత! వాడి ఇంట్లో ఆ రాత ఇప్పుడు లేదు. నాకోసం కూర్చుని రాశాడు. నా సిస్టమ్ ఎక్కించుకుని నడిపి కూడా చూశాడు. కింద ఒక్క వరుస — "పురాణం అయినాక సూడు. తొందర నేదు."

తొందర లేదట వెధవకి!

తీసుకుంటే మళ్లీ రాస్తాడు. రెండిళ్ల చాకిరీ — ఏ బరువు దించమని బతిమాలాడో అదే. తిప్పి పంపితే...

మందిరంలో మైకు కట్టేశారు. లక్ష్మి పిలుస్తోంది. లేవలేదు. వాడి వరుసలు మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎక్కడో ఒక్క తప్పు దొరికితే బాగుండును — ఫోన్ చేసి తిట్టొచ్చు.