ఎదురు వరుస కమానులు

కాజిల్‌బార్, మార్చి 2021

దేవమణక్కా, ప్రభువు దయవల్ల నా దగ్గు తగ్గింది, మళ్ళీ డ్యూటీకి వెళ్తున్నాను.

ఈ కార్డు వెనక బొమ్మ చూడు, ఫ్లోరెన్సులో ఒక చౌకు. మా వార్డులో కోవిడ్ నయమై ఇంటికెళ్తూ ఒక ఇటలీ పెద్దావిడ ఇచ్చింది. భయంకొద్దీ శానిటైజరుతో తుడిస్తే ఆకాశం రంగు పోయింది. కుడివైపు కమానులు తల్లులు పెంచలేక వదిలిన పసిపిల్లల ఆశ్రమానివి. ఎదుటి వరుస నూరేళ్ళ తర్వాత వేరేవాళ్ళు అచ్చం అలాగే కట్టారట. "ఏది ముందుదో చెప్పు" అంది. తప్పు చెప్పాను. "ఆ రెండోది లేకపోతే ఇది చౌకే కాదమ్మా, గోడ ముందు ఖాళీ జాగా" అని నవ్వింది. తమ సొంత తీరులో కట్టుకోవచ్చుగా, ఎందుకు కట్టలేదో! అప్పటినుంచీ అదే ఆలోచన.

నిస్సీకి చెవిపోటు తగ్గిందా? నీ మెత్తటి పాతచీర కప్పి పడుకోబెట్టు. నేను దాన్ని నీ దగ్గర వదిలి ఈ దేశం వచ్చేనాటికి దానికి మాటలే రాలేదు. ఇప్పుడు నిన్ను పెద్దమ్మా అనకుండా అమ్మా అంటోందని దాన్ని కోప్పడుతున్నావట, బావ చెప్పాడు. కోప్పడకు. అననీ. ఈ బొమ్మ వంటింటి తలుపుకు అంటించుకో, నీకే పంపాను.

బావకు వందనాలు.

నీ చెల్లెలు,
సలోమి